నగ తీసే ముందు నాలుగు కాగితాలు

ఇల్లు కొనాలన్న మాట మన ఇళ్ళలో మొదలయ్యేది మగవాళ్ళ నోట, పూర్తయ్యేది ఆడవాళ్ళ మెడలో. అడ్వాన్సుకు మూడు లక్షలు తక్కువైనా, రిజిస్ట్రేషన్‌కు ఐదు లక్షలు తక్కువైనా అందరి చూపూ మొదట వెళ్ళేది బీరువా వైపే. పుట్టింటివాళ్ళు పెట్టిన గాజులు, చీటీ పాడి చేయించుకున్న నాలుగు పేటల గొలుసు, పాప పెళ్ళికని దాచిన కాసులు... ఒక్క మధ్యాహ్నంలో తాకట్టు కొట్టుకు చేరతాయి.

ధరలు పడి ఉన్నప్పుడు ఈ గొడవ ఉండదు. ‘ఇంకా తగ్గుతాయిలే, చూద్దాం’ అంటారు. లేవడం మొదలైందో, ఇక అందరికీ ఒకటే తొందర. ‘ఇప్పుడు కొనకపోతే ఇక ఈ జన్మలో కొనలేం’ అంటాడాయన. ‘వాళ్ళ తోడికోడలు అప్పుడే కొనేసిందట’ అంటారు అత్తగారు. ‘రేపు పొద్దున్నకల్లా టోకెన్ ఇవ్వకపోతే ఇంకో పార్టీ రెడీగా ఉందమ్మా’ అంటాడు బ్రోకరు. ఆ తొందరలో కరిగేది నగ, చేతికి వచ్చేది కాగితం. ఆ కాగితంలో ఏముందో, ఎవరి పేరుందో చూడకుండా నగ తియ్యొద్దని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

పడిన బజారు, లేచిన బజారు

బజారు పడి లేవడం మన కళ్ళముందే జరిగింది. 2008 నాటి ప్రపంచ మాంద్యం, ఆ వెనకే 2009 చివర నుంచి ఉద్యమ కాలపు అనిశ్చితి... ఆ రోజుల్లో హైదరాబాదులో ఇళ్ళ బేరాలు బాగా మందగించాయి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడ్డాక మెల్లగా పుంజుకున్నాయి. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. ఇలాంటి వార్త ఒకటి రాగానే ముప్ఫై కిలోమీటర్ల అవతలి వెంచరు కూడా ఆ పేరు చెప్పుకుని ధర పెంచేస్తుంది. కోకాపేటకూ దానికీ ఉన్న చుట్టరికం బ్రోకరు కాగితం మీద మాత్రమే!

కృష్ణ ఒడ్డున ఇంకో కథ. 2015 అక్టోబరు 22న అమరావతికి శంకుస్థాపన జరిగింది, ధరలు లేచాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది, పడిపోయాయి. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది, 2025 మే 2న పనులు మళ్ళీ మొదలయ్యాయి, బేరాలూ మళ్ళీ మొదలయ్యాయి. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అన్న చర్చ మనకిక్కడ అక్కర్లేదు. ఇంటి ఇల్లాలు గుర్తుపెట్టుకోవలసింది ఒక్కటే. ధర ఒక ప్రకటనతో లేస్తుంది, ఇంకో ప్రకటనతో పడుతుంది. అప్పు వాయిదా మాత్రం ప్రతినెలా తప్పకుండా అదే తేదీకి వస్తుంది.

అందుకే మొదట ఇంట్లో తేల్చుకోవాలి. ఉండటానికి కొంటున్నామా, లాభానికా? ఉండటానికైతే నెల ఆలస్యమైనా మునిగిపోయేదేమీ లేదు. లాభానికైతే, పోయినా ఇల్లు గడిచే డబ్బుతోనే చెయ్యాలి. మెడలోది తీసి కాదు.

వంటగట్టు గురించి అడుగుతారు, అంతే!

ఫ్లాటు చూడటానికి వెళ్ళినప్పుడు బిల్డరు మనుషులు ఆడవాళ్ళకు ఎంతో మర్యాద చేస్తారు. ‘వంటగట్టు ఎత్తు సరిపోయిందా మేడమ్? దేవుడి గది ఈశాన్యంలోనే ఇచ్చాం చూడండి’ అంటారు. కాగితాల దగ్గరికి వచ్చేసరికి కుర్చీలు మగవాళ్ళవైపు తిరుగుతాయి. మనం కూల్‌డ్రింకు తాగుతూ కూర్చుంటాం.

మళ్ళీ మనం గుర్తొచ్చేది బ్యాంకులో. ‘అమ్మా, ఇక్కడో సంతకం, ఇక్కడో సంతకం’ అని అప్పు పత్రాల మీద పెట్టించుకుంటారు. దాన్ని సహ రుణగ్రహీత అంటారు. అంటే ఏమిటో తెలుసా? రేపు ఆయన కట్టలేకపోతే ఆ అప్పు మొత్తం, సగం కాదు మొత్తం, మిమ్మల్ని అడిగే హక్కు బ్యాంకుకు ఉంది. అదే ఇంటి దస్తావేజులో మీ పేరు లేకపోతే? అప్పులో మీరు భాగస్థులు, ఇంట్లో కాదు. అప్పు పత్రం మీద సంతకం పెట్టినంత మాత్రాన ఇంటి మీద హక్కు రాదు. ఎంతోమంది చదువుకున్న ఆడవాళ్ళకు, ఉద్యోగాలు చేసేవాళ్ళకు కూడా ఈ తేడా ఎవరూ చెప్పరు.

ఉద్యోగం చేసే ఆవిడ అయితే ఇంకో నష్టం కూడా ఉంది. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవాళ్ళకు, సొంతంగా ఉంటున్న ఇంటి అప్పు వడ్డీ మీద ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు ఉంటుంది. భార్యాభర్తలిద్దరూ యజమానులై, ఇద్దరూ వాయిదాలు కడుతుంటే ఎవరి మినహాయింపు వారికి విడిగా వస్తుంది. దస్తావేజులో పేరు లేని భార్య తన జీతంలోంచి వాయిదా కట్టినా ఆ మినహాయింపు ఆమెకు రాదు.

‘నీకు సంపాదన లేదు కదా, నీ పేరు పెడితే బినామీ అంటారు’ అని కొందరు భయపెడతారు. అది నిజం కాదు. లెక్క చూపగల ఆదాయంతో భార్య పేరున, పిల్లల పేరున కొనడం బినామీ కిందికి రాదని 2016లో సవరించిన బినామీ చట్టంలోనే ఉంది. అయినా, మెడలోని బంగారం పెట్టుబడి కాదా? అమ్మినప్పుడో, కుదువ పెట్టినప్పుడో ఇచ్చే రసీదు దాచుకోండి. ఆ డబ్బు మీ ఖాతాలో పడి, మీ ఖాతా నుంచి చెక్కుగా వెళితే మీ వాటాకు అదే సాక్ష్యం. ఇద్దరి పేరున కొంటే ఎవరికెంత వాటా అన్నది దస్తావేజులో రాయించండి.

‘మొగుణ్ణి నమ్మవా?’ అనే ప్రశ్న వస్తుంది. వస్తుందని తెలుసు. ఇది నమ్మకం మాట కాదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా భర్త పోతే, ఆయన పేరున ఉన్న ఇల్లు మొత్తంగా భార్యకు రాదు. భార్యకు, పిల్లలకు, బతికుంటే ఆయన తల్లికి తలా ఒక వాటా వస్తుంది. వాయిదాలు కట్టిన మనిషే ఇల్లు అమ్ముకోవాలంటే అందరి సంతకాలూ అడుక్కోవాలి. ఇద్దరి పేరూ ఉంటే కనీసం సగానికి ఆమెను అడిగేవాళ్ళుండరు. ఆయనకు మీ మీద ప్రేమ ఉంటే ఆ ప్రేమకు రిజిస్ట్రారు ఆఫీసులో సాక్ష్యం ఉండటంలో తప్పేముంది?

ఈ సంగతి ప్రభుత్వాలకు ఎప్పుడో తెలిసింది. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో ఇల్లు ఇల్లాలి పేరున, లేదా ఆమె పేరు కలిపి ఉండాలని పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలుపెట్టిన ఇళ్ళ స్థలాల పంపిణీలో పట్టాలు ఆడవాళ్ళ పేరునే ఇచ్చారు. ఆడవాళ్ళ పేరున కొనే ఇళ్ళకు స్టాంపు డ్యూటీ తగ్గించే ఆలోచన చెయ్యమని 2024 జులై బడ్జెట్‌లో కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. పేదింటి ఇల్లాలికి ప్రభుత్వం ఇచ్చిన ఈ పాటి గౌరవం మధ్యతరగతి ఇంట్లో మనకు మనం ఇచ్చుకోలేమా?

ఇంతకీ ఆ నాలుగు కాగితాలు

మొదటిది: లింకు డాక్యుమెంట్లు, ఇ.సి. ఆ ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే దస్తావేజుల వరసే లింకు డాక్యుమెంట్లు. మధ్యలో ఒక్కటి తగ్గినా ఆగండి. ఇ.సి. అంటే రిజిస్ట్రారు ఆఫీసులో ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల చిట్టా. కనీసం 30 ఏళ్ళది తీయించాలి. అయితే ఇ.సి. శుభ్రంగా ఉంటే అన్నీ శుభ్రమేనని కాదు. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, కోర్టు తగాదాలు అందులో కనపడకపోవచ్చు. అందుకే బిల్డరు చెప్పిన లాయరు కాకుండా, మీరు ఫీజు ఇచ్చి పెట్టుకున్న లాయరుకు చూపించండి. యాభై లక్షల ఇంటికి కొన్ని వేల ఫీజు దండగ కాదు.

ఇక్కడ ఆడవాళ్ళుగా మనం అడగవలసిన ప్రశ్న ఒకటుంది. అది పెద్దల ఆస్తి అయితే, అమ్ముతున్నవాళ్ళకు అక్కచెల్లెళ్ళున్నారా? వాళ్ళు సంతకం పెట్టారా? ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు వాటా మన దగ్గర 1985లోనే, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు వచ్చింది. దేశమంతటికీ 2005 సవరణతో వచ్చింది. ఆ సవరణ రోజుకు తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ‘పసుపు కుంకుమల కింద అప్పుడే ఇచ్చేశాం, వాళ్ళతో పని లేదు’ అని అన్నదమ్ములు చెప్పే మాట కాగితం మీద లేకపోతే చెల్లదు. రేపు ఆ ఆడపడుచు కోర్టుకు వెళితే నష్టపోయేది మీరే. మన పేరు దస్తావేజులో ఉండాలని కోరుకునే మనం, ఇంకో ఆడదాని పేరు చెరిపేసిన దస్తావేజుతో గృహప్రవేశం చెయ్యడం న్యాయమూ కాదు, క్షేమమూ కాదు.

రెండవది: నిషేధిత జాబితా, చెరువు హద్దు. ప్రభుత్వ భూమి, దేవుడి మాన్యం, వక్ఫ్ భూమి, అసైన్‌మెంట్ భూమి వంటివి రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితాలో ఉంటాయి. కొనబోయే సర్వే నంబరు అందులో ఉందేమో చూడాలి. హైదరాబాదు చుట్టూ అయితే చెరువు నిండినప్పుడు నీరు వచ్చే హద్దు, దాని పక్కన వదలాల్సిన బఫరు చూడాలి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 84 గ్రామాలకు వర్తించేలా 1996లో ఇచ్చిన 111 జీవో గురించీ అడగాలి. 2024 జులైలో హైడ్రా ఏర్పాటై చెరువుల్లోని కట్టడాలు కూలుస్తున్నప్పుడు ‘మాకు అనుమతులున్నాయి, బ్యాంకు అప్పు కూడా ఇచ్చింది’ అని ఏడ్చినవాళ్ళను చూశాం. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు కోసం, మీ కోసం కాదు.

కాగితాలతో పాటు కాళ్ళకూ పని చెప్పండి. కొనబోయే చోటుకు వానపడిన మర్నాడు వెళ్ళండి. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదులో, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్‌లో జనం ఎన్ని అవస్థలు పడ్డారో మరిచిపోలేదుగా? ఆ వీధిలో ఇరవై ఏళ్ళుగా ఉంటున్న ఆవిడను ‘నీళ్ళు ఎంతవరకు వస్తాయి పిన్నిగారూ?’ అని అడిగితే ఏ ఆఫీసులోనూ చెప్పని సంగతి చెబుతుంది.

మూడవది: అనుమతి పత్రం, రెరా నంబరు. 500 చదరపు మీటర్ల స్థలంగానీ, 8 ఫ్లాట్లుగానీ మించిన ప్రాజెక్టు ఏదైనా రెరాలో నమోదు కావాలి. నమోదు కాకముందు అమ్మడమే కాదు, ప్రకటన ఇవ్వడం కూడా తప్పే. మరి ‘ప్రీలాంచ్ ఆఫర్, మొత్తం ఒకేసారి కడితే సగం ధర’ అంటారే? అనుమతే రాని భవనంలో ఇరవయ్యో అంతస్తు ఫ్లాటు అది! హైదరాబాదులో ఇలా కట్టి మోసపోయి పోలీసు స్టేషన్ల చుట్టూ తిరుగుతున్నవాళ్ళు తక్కువమంది కాదు. వాళ్ళలో రిటైరైన టీచరమ్మలున్నారు, పెళ్ళి డబ్బు పోగొట్టుకున్న తల్లులున్నారు. సగం ధరకు వస్తుందంటే మనం కూరగాయలు కూడా ఓసారి తిప్పి చూస్తాం కదా!

రెరా నంబరు అడిగి, మీ రాష్ట్రపు రెరా వెబ్‌సైట్లో మీరే చూడండి. పిల్లల చేత చూపించుకున్నా సరే. ప్రాజెక్టు ఎప్పటికి పూర్తి చేస్తామన్నారో అందులో ఉంటుంది. కొన్నవాళ్ళ నుంచి వసూలు చేసిన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే విడి ఖాతాలో పెట్టాలని చట్టం. చెప్పిన గడువుకు ఇవ్వకపోతే డబ్బు వడ్డీతో వెనక్కి అడగొచ్చు. ఇల్లు చేతికొచ్చిన 5 ఏళ్ళలోగా కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే సొంత ఖర్చుతో బాగుచెయ్యాలి.

నాలుగవది: అగ్రిమెంటు. రెరా ప్రాజెక్టులో అగ్రిమెంటు రిజిస్టరు కాకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. ‘ముందు పాతిక శాతం కట్టండి, అగ్రిమెంటు తర్వాత’ అంటే లేచి వచ్చేయండి. ఇంకోటి, కార్పెట్ ఏరియా ఎంతో రాయించండి. పన్నెండు వందల అడుగులని చెప్పిన ఫ్లాటులో మనం చీపురు పట్టి ఊడ్చే చోటు తొమ్మిది వందలకు అటూ ఇటూ ఉండొచ్చు. మిగతాదంతా మెట్లు, లిఫ్టు, నడవాలే.

‘సగం చెక్కు, సగం నగదు’ అన్న బేరం మాత్రం ఒప్పుకోవద్దు. స్థిరాస్తి కోసం 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకోవడం 2015 నుంచి నిషేధం. రేపు బేరం చెడితే కాగితం మీద లేని సొమ్మును ఏ కోర్టూ ఇప్పించలేదు. ఎక్కువసార్లు ఆ నగదు సమకూరేది బంగారం తాకట్టు పెట్టే. అంటే సాక్ష్యం లేకుండా పోయేది మళ్ళీ మన సొమ్మే! ఇంటి ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్ళు 1 శాతం పన్ను పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవాళ్ళు అమెరికాలోనో మరెక్కడో స్థిరపడిన ప్రవాసులైతే పట్టుకోవలసింది అంతకన్నా ఎక్కువ. ఆ లెక్క ఆడిటరును అడిగి తెలుసుకోండి.

వాయిదా లెక్క వంటింట్లోనే వెయ్యాలి

30 లక్షల దాకా అప్పుకు ఇంటి విలువలో 90 శాతం, 30 నుంచి 75 లక్షల దాకా 80 శాతం, ఆ పైన 75 శాతం మించి బ్యాంకులు ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నియమం. అంటే 60 లక్షల ఫ్లాటుకు ఎంత చేసినా 48 లక్షలే. మిగతా 12 లక్షలు, దానిమీద రిజిస్ట్రేషను, చెక్కపని, గృహప్రవేశం ఖర్చులు చేతిలోంచే రావాలి. బీరువా తెరుచుకునేది ఇక్కడే. కాబట్టి ఫ్లాటు చూడటానికి వెళ్ళకముందే ఈ లెక్క వేసుకోండి.

30 లక్షల అప్పు 8.5 శాతం వడ్డీకి తీసుకున్నామనుకోండి. 20 ఏళ్ళకైతే నెలకు సుమారు 26,035 రూపాయలు, మొత్తం కట్టేది 62 లక్షల 48 వేలు. అదే 15 ఏళ్ళకైతే నెలకు 29,542, మొత్తం 53 లక్షల 18 వేలు. నెలకు మూడున్నర వేలు ఎక్కువ కట్టగలిగితే తొమ్మిది లక్షల పైన మిగులుతుంది. ఆ మూడున్నర వేలు ఎక్కడ మిగులుతాయో ఇంటి ఖర్చు చూసే ఆడవాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? ఒక్క జీతం మీద నడిచే ఇంట్లో వాయిదా ఆ జీతంలో మూడో వంతు దాటకూడదని నా అభిప్రాయం. స్కూలు ఫీజులు, అత్తమామల మందులు ఏ బిల్డరు బ్రోచరులోనూ ఉండవు.

సొంతిల్లు ఉన్నవాళ్ళూ వినండి

‘మన పక్క ఫ్లాటు కోటికి పోయిందట’ అనగానే మనమూ కోటీశ్వరులం అయిపోం. అమ్మితేనే అది డబ్బు, అమ్మితే మళ్ళీ మనకో ఇల్లు కావాలి, దానికీ అదే ధర. ఆ ధర చూసి ఇంటి మీద అదనపు అప్పు తీసి కారు కొనడం, పెళ్ళి ఘనంగా చెయ్యడం వద్దు. ధర పడితే ఇల్లు అక్కడే ఉంటుంది, అప్పు కూడా అక్కడే ఉంటుంది.

దానికి బదులు పాత అప్పును చూసుకోండి. రిజర్వు బ్యాంకు రెపో రేటు 2025లో నాలుగుసార్లు తగ్గి, 6.5 నుంచి డిసెంబరుకు 5.25 శాతానికి వచ్చింది. మీ వడ్డీ ఆ మేరకు తగ్గిందా? 2019 అక్టోబరుకు ముందు తీసుకున్న అప్పయితే పాత పద్ధతిలోనే ఉండిపోయి ఉండొచ్చు. బ్యాంకుకు వెళ్ళి ‘రెపోకు మార్చండి, ఎంత తగ్గుతుంది?’ అని అడగండి. వాయిదా తగ్గించుకోకుండా కాలం తగ్గించుకుంటే ఇంకా లాభం. మారే వడ్డీ మీద తీసుకున్న ఇంటి అప్పు ముందుగా తీర్చినా జరిమానా లేదు. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగి ఇవ్వకపోతే, ఆలస్యం బ్యాంకుదైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకు ఇవ్వాలని 2023 డిసెంబరు నుంచి నియమం ఉంది.

ఇంటి పన్ను, కరెంటు మీటరు ఎవరి పేరున ఉన్నాయో చూసుకోండి. చాలా ఇళ్ళలో అవి ఇంకా మామగారి పేరునో, పాత యజమాని పేరునో ఉంటాయి. భార్యాభర్తలిద్దరూ వీలునామా రాసుకోండి. ‘శుభమా అని ఇల్లు కట్టుకుంటే చావు మాటలేంటి’ అంటారు. చావు మాట ఎత్తనంత మాత్రాన రాకుండా ఆగదు. ఆ మాట ముందే ఎత్తిన ఇంట్లో పిల్లలు కోర్టుల చుట్టూ తిరగరు.

పెద్ద చదువులు అక్కర్లేదు ఇదంతా చెయ్యడానికి. కందిపప్పు కొనేటప్పుడు రాళ్ళున్నాయేమో చేత్తో తీసి చూసే అలవాటును కాస్త పెద్దది చెయ్యడమే. మీ ఇంట్లో ఈసారి ఇల్లు మాట వస్తే వంటగట్టు ఎత్తు గురించి తర్వాత చెప్పొచ్చు. ముందు కాగితాలు బల్లమీద పెట్టమనండి. కుర్చీ లాక్కుని కూర్చోండి. అర్థంకాని మాట దగ్గర ఆపి అడగండి. దస్తావేజు చిత్తు ప్రతి వచ్చినప్పుడు కొనుగోలుదారు అన్నచోట వేలు పెట్టి చూడండి. మీ పేరు లేకపోతే బీరువా తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి.